గోగునార మిల్లు గంజాం పోయిన వైనం

"మా నర్సీపట్నం కూలికి ఆకలనేదే నేదు దొరగారూ! పొద్దున్న పని సూపించీసి మర్సిపోండి. పొద్దుగూకేటప్పుడొచ్చి ఆడమడిసికి అణాన్నర, మగోడికి మూడణాలు సేతిలో ఎడితే దండమెట్టి ఎల్లిపోతారు. మద్రాసు రాజధానంతా జల్లెడ పట్టినా ఇంత సవకైన జనం దొరకరు."

ఈ మాట అన్నవాడు కూలీల మేస్త్రీ మన్మథరావు. అన్న చోటు నర్సీపట్నం రోడ్డు స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే దారి, గుర్రబ్బండి మీద. విన్నవాడు కలకత్తా నుంచి దిగిన క్రాన్లీ దొర. ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి దొర చెవిలో వేస్తున్నవాడు బోర్డు స్కూలు పంతులు దక్షిణామూర్తి. పంతులు ఇంకా 'ఆకలి' దగ్గరే ఉండగా సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. బండి వెనకాల దొరగారి రేకు స్నానపు తొట్టిని మోసుకొస్తున్న నలుగురు కూలీలు దాన్ని రోడ్డు నడిమధ్యన దింపి, చుట్టూ గొంతుక్కూర్చుని, తలగుడ్డలు విప్పి ముఖాలు తుడుచుకున్నారు.

మన్మథరావు బండి దూకి పరుగెత్తుకొచ్చాడు. "ఏట్రా ఇది? లెగండి, లెగండి!"

"అంబలేల బాబూ," అన్నాడు ఒకడు, తొట్టి వంక చూస్తూ.

"ఊళ్ళోకి ఎల్లాక తాగుదురు గాని, బేగి ఎత్తండి!"

"ఊళ్ళోకి ఎల్లీసరికి మాపటి కూడేల అవుతాది బాబూ. ఇది అంబలేల."

మన్మథరావు తిట్టాడు, బతిమాలాడు, తొట్టిని తనే ఒక పక్క ఎత్తి చూశాడు. చివరికి దగ్గరి ఊళ్ళో ఎవరింటి నుంచో కుండెడు చోడి అంబలి తెప్పించాకే తొట్టి కదిలింది. ఈ లోపల దాని వెనక ఆగిన ఎడ్లబండ్ల వరస స్టేషను దాకా పాకిందనీ, దిగినవాళ్ళకి నిలబడే చోటు లేక రైలు వాళ్ళని మళ్ళీ ఎక్కించుకుని పోయిందనీ లోవలక్ష్మి తర్వాత ఊరంతా చెప్పింది.

లోవలక్ష్మి చెప్పినదాంట్లో నాలుగో వంతు నమ్మితే చాలు. ఇరవై ఏళ్ళ మనిషి, నార తీసే ఆడకూలీల జట్టుకు పెద్ద. ముఖంలో ఒక్క గీత కదలకుండా అబద్ధం ఆడుతుంది. గొలుగొండ కొండ ఎండాకాలంలో దాహానికి రెండు బారలు కిందికి జరుగుతుందని ఓసారి సర్వే గుమాస్తాకి చెబితే, ఆయన పాపం గొలుసు పట్టుకుని కొలవడానికి వెళ్ళాడు. ఆ రోజు రోడ్డు పక్క గోగు మోపు మీద కూర్చుని, చుట్ట అడ్డపొగ పెట్టుకుని, తొట్టి పంచాయితీ అంతా చూసింది. దొర టోపీ కూడా చూసింది. ఆ టోపీ నీడలో రెండు మేకలు పడుకున్నాయట. మూడోది చోటు చాలక తిరిగి వెళ్ళిందట.

అయితే ఆమె ఎక్కువసేపు చూసింది టోపీని కాదు, మన్మథరావుని.

ఆమె అన్న జోగులుని నాలుగేళ్ళ కిందట రంగూన్ స్టీమరు ఎక్కించింది ఈ మన్మథరావే. "బియ్యం మిల్లులో నీడపట్టున పని, వారానికో రోజు సెలవు" అని చెప్పి పంపాడు. జోగులు ఏడాదికే, ఆ మిల్లు యంత్రాన్ని తిప్పే పట్టా కింద కుడిచేతి నాలుగు వేళ్ళు వదిలేసి తిరిగొచ్చాడు. మొండి చేయి పట్టుకుని సంతలో మన్మథరావుని నిలదీస్తే, అతను నలుగురూ వినేలా నవ్వి, "నాలుగు వేళ్ళే గదరా పోనాయి? ఇంకా ఆరున్నాయి. ఇంకో మిల్లుకి సరిపోతావు, రా, పంపిస్తాను" అన్నాడు. సంతంతా నవ్వింది. ఆ రోజు నుంచి జోగులు సంతకి వెళ్ళడు. పెరట్లో కూర్చుని ఎడంచేత్తో తాళ్ళు పేనుతాడు. లోవలక్ష్మి ఆ నవ్విన ముఖాలన్నిటినీ మర్చిపోయింది గాని, నవ్వించిన ముఖాన్ని రోజుకోసారి తలుచుకునేది, మర్చిపోకుండా.

ఇక దొర ఎందుకొచ్చాడో మన్మథరావే ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. దొరల దేశంలో నార మిల్లుల్లో పని చేసే ఆడవాళ్ళు కూలి పెంచమని గోల చేశారట. సరేనని కంపెనీ మిల్లు మూటగట్టి కలకత్తా తెచ్చుకుంది. ఇప్పుడు కలకత్తా కూలీలు కూడా నెలల తరబడి సమ్మెలు చేస్తున్నారు. అందుకని కంపెనీ ఇంకా చవకైన చేతులు వెతుక్కుంటూ దక్షిణానికి దిగింది. మన్యం గొడవలు చల్లారి, మలబారు పోలీసులు గుడారాలు ఎత్తుకుపోయి రెండేళ్ళయింది. గోగు ఇక్కడ కావలసినంత పండుతుంది. కూలి కూడా చవకే అని తేలితే మిల్లు ఇక్కడ, లేదంటే గంజాం జిల్లాలో.

"మిల్లొచ్చిందంటే మన కుర్రోల్లు రంగూన్ ఎల్లక్కర్నేదు," అని మన్మథరావు ముగించేవాడు. ముగించనిదేమంటే, మిల్లు వస్తే ఐదొందల మంది కూలీల మీద అతనే సర్దారు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గెంటేయాలో అతని ఇష్టం. ఊళ్ళో ప్రతి ఇల్లూ పొద్దున్నే లేచి అతని ముఖం వంక చూడాలి. ఆ ధీమాతోనే ఒక కోటు కుట్టించుకున్నాడు, ఉపమాక వెంకన్నకి తలనీలాలు ముందే ఇచ్చేశాడు.

"ఆడు సర్దారయ్యీ రోజు నాను సూడకూడదు," అనుకుంది లోవలక్ష్మి. "సూడను."

క్రాన్లీ దొర తొట్టి సంగతి మర్చిపోలేదు. ఎవరి మాటా నమ్మననీ, ఆరు రోజులు ఇరవైమంది ఆడవాళ్ళతో నార తీయించి, ఆరబెట్టించి, కట్ట కట్టించి, ఒక కట్టకి ఎంత పడుతుందో తనే చూసుకుంటాననీ అన్నాడు. మన్మథరావు అందరికంటే చురుకైన జట్టుని పిలిచాడు. అది లోవలక్ష్మి జట్టు. ఆమె జోగులు చెల్లెలని అతనికి తెలియక కాదు. కూలీలకు చెల్లెళ్ళుంటే ఏమవుతుందో అతనెప్పుడూ ఆలోచించలేదు.

పని ఊరవతల మడుగులో. నానిన గోగు వాసన ఎలాంటిదంటే, కాకులు ఆ మడుగు మీదుగా ఎగరడం మానేసి చుట్టూ నడిచి వెళ్ళేవి. దొర ముక్కుకి రుమాలు కట్టుకుని గట్టున కుర్చీ వేసుకున్నాడు. పక్కన పంతులు, పుస్తకం, పెన్సిలు. వెనకాల కోటు వేసుకున్న మన్మథరావు. ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దిగి, గోగుకట్టెల మొదళ్ళు కోలలతో చితక్కొట్టి, నార ఒలిచి, నీళ్ళలో జాడించి దండేల మీద వేస్తున్నారు.

మొదటి రోజు మధ్యాహ్నం ఇరవైమందీ ఒక్కసారి గట్టెక్కి కూర్చున్నారు.

"ఏమయిందో అడుగు," అన్నాడు దొర. పంతులు అడిగాడు.

"అంబలేల బాబూ," అంది లోవలక్ష్మి.

పంతులు రాశాడు. మన్మథరావు తన డబ్బుతో అంబలి తెప్పిస్తానన్నాడు గాని, దొర ఒప్పుకోలేదు. రేపు మిల్లులో ఐదొందల మందికి కూడా నీ డబ్బుతోనే పోస్తావా అని అడిగించాడు.

రెండో రోజు సాయంత్రం నార ఒలిచేసిన పుల్లల్ని ఆడవాళ్ళు మోపులు కట్టి నెత్తికెత్తుకున్నారు. దొర కుర్చీలోంచి లేచాడు. ఆ పుల్లలతో మిల్లు బాయిలరు మండించాలని కలకత్తాలో కాగితం మీద రాసుకొచ్చాడు. పంతులు సంశయంగా, "అమ్మాయ్, పుల్లలు కంపెనీవి కదా?" అన్నాడు.

"నార కంపెనీది. పుల్లలు తీసినోల్లయి బాబూ. మా మామ్మ మామ్మ కాడ నించీ అంతే. కావాలంటే మా సింహాద్రమ్మత్తనడగండి."

జట్టులో అందరికంటే వయసున్న సింహాద్రమ్మ పుల్లల మోపు దించకుండానే తల ఊపింది. ఇది నిజం. నార తీసిన చోట పుల్లలు తీసినవాళ్ళకే పోతాయి. అంబలి ఎంత నిజమో ఇదీ అంత నిజం. మూడో రోజు అడిగిన ఆముదం కూడా నిజమే. కుళ్ళిన నీళ్ళకి చేతులు పగలకుండా పని చేయించేవాడే పోయాలి. అణాన్నర కూలి మూడు రోజుల్లో రెండుంపావు అయింది.

ఆ మూడో రోజే దొర చుట్టలు చూశాడు. నార ఆరేచోట నిప్పు కూడదని మొదటి రోజే కట్టడి చేశాడు. ఇప్పుడు ఇరవైమంది నోళ్ళలోంచీ పొగ వస్తోంది.

"నిప్పెక్కడుంది బాబూ?" అంది లోవలక్ష్మి, చుట్ట తీయకుండానే.

దొర దగ్గరికొచ్చి వంగి చూశాడు. చుట్ట కొస చల్లగా ఉంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. లోవలక్ష్మి చుట్ట తీసి తిప్పి, నోట్లోపల ఉన్న ఎర్రటి కొస చూపించి, మళ్ళీ నిప్పు లోపలికి పెట్టి నోరు మూసుకుంది. దొర నాలుగడుగులు వెనక్కి వేసి, కాసేపు కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. బెంగాలులో ఇలాంటిది చూడలేదని పంతులుతో అన్నాడట. ఆ రాత్రి దొర భోజనంలో కారం తగిలితే తన నోట్లో కూడా నిప్పుందని కేక పెట్టాడని లోవలక్ష్మి చెప్పింది. ఇది మాత్రం నాలుగో వంతు కూడా నమ్మకండి.

నాలుగో రోజు పొద్దున్న పంతులు ఆమెని పక్కకి పిలిచాడు. మంచి మనిషి. బ్రాహ్మల వీధిలో పుట్టి, అన్నం తినడమే గాని అది పండే చోట ఏనాడూ కాలు పెట్టనివాడు.

"లోవలక్ష్మీ, దొరగారు ఒక మాట చెప్పమన్నారు. మీ మామూళ్ళన్నీ ఆయన ఒప్పుకుంటారు. అన్నీ కలిపి మనిషికి మూడణాలు మించకుండా ఉంటే మిల్లు ఇక్కడే కడతారు. మించితే గంజాం. ఆ మాట కలకత్తా నుంచి వచ్చిన కాగితంలోనే ఉంది, నేను చూశాను. మీవాళ్ళందరికీ చెప్పు. మూడణాలు మంచి కూలే కదమ్మా?"

మంచి కూలే. ఆమె చిన్నప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఏ ఆడమనిషీ మూడణాల కూలి చూడలేదు.

"సెప్తాను బాబూ," అంది లోవలక్ష్మి, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

నీళ్ళలోకి దిగాక సింహాద్రమ్మ అడిగింది. "పంతులేటన్నాడే?"

"ఎంతడిగితే అంతిత్తాడంటత్తా. ఆడిది కంపెనీ గదా, సొంత డబ్బు కాదు."

"నిజవేనేటే?"

"నాను నీకబద్ధం సెప్తానేటి?"

సింహాద్రమ్మ ఒక్కగానొక్క కొడుకు మత్స్యలింగం. పద్దెనిమిదేళ్ళవాడు. ఈ కోతలైతే రంగూన్ పోవాలని ఏడాదిగా చూస్తున్నాడు. మిల్లు వస్తోందని తెలిసి తల్లి వాణ్ణి ఆపింది. ఆమె సంతోషంగా గోగుకట్టె అందుకుని రెండు దెబ్బలు ఎక్కువ వేసింది. "అయితే అడుగే తల్లీ, గట్టిగా అడుగు!"

ఇక లోవలక్ష్మికి అడ్డు లేకుండా పోయింది.

నాలుగో రోజు పాటకూలి వచ్చింది. పాట పాడే మనిషి పని చెయ్యదు గాని, ఇద్దరి కూలి తీసుకుంటుంది. అనాదిగా అంతే. "పాట నేకపోతే నార తెల్లబడదు బాబూ," అంది లోవలక్ష్మి. పంతులుకి అనుమానం వచ్చింది. కానీ ఈ ఊళ్ళో పుట్టినవాడై ఉండి నాకు తెలియదని దొర ముందు ఎలా అంటాడు? తల పంకించి, ఇది చాలా ప్రాచీనమైన ఆచారమని చెప్పి, రాసుకున్నాడు. ఐదో రోజు నీళ్ళకి దిష్టి తగిలిందని కోడి వచ్చింది. కోడికి తోడు లేకపోతే నీరు ఒప్పుకోదని ఇంకో కోడి వచ్చింది. ఆరో రోజు పొద్దున్న చూపుకూలి వచ్చింది.

"చూపుకూలి ఏమిటమ్మా?" అన్నాడు పంతులు నీరసంగా.

"పని సేయించీ బుగత దూరంగా ఉంటే మామూలు కూలి. ఎదురుగా కూకోని సూస్తే సిగ్గుకి ఓ అణా ఎక్కువ. మరి ఆడోల్లం గదా బాబూ."

దొర ఆ మాట విని, కుర్చీ ఎత్తి, మడుగుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ పూటంతా నార మిల్లు కంపెనీ ప్రతినిధి జొన్నచేను వంక చూస్తూ నార పని పర్యవేక్షించాడు. నీళ్ళలో ఆడవాళ్ళు నవ్వాపుకోలేక నార నోట్లో కుక్కుకున్నారు. లోవలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆమె మన్మథరావు గుండు వంక చూస్తోంది. దాని మీద చెమట బొట్లు బొట్లుగా మొలుస్తోంది.

అతను ఇక ఆగలేకపోయాడు. "దొరగారూ, ఇదంతా బూటకం! సూపుకూలేటి, పాటకూలేటి! ఈ ఊళ్ళో అలాటియి నేవు! నానిక్కడే పుట్టినాను, నాకు తెల్దా?"

దొర తల తిప్పకుండానే ఏదో అన్నాడు. పంతులు గొంతు సవరించుకుని దాన్ని తెలుగులో చెప్పాడు. "అంబలి లేదన్నావు, ఉంది. పుల్లల మాట చెప్పలేదు, ఉంది. ఆముదం ఉంది. కూలీకి ఆకలే లేదన్నది నువ్వు. ఇప్పుడు నీ మాట నమ్మి ఇవి లేవని ఎలా రాయమంటావు? అంటున్నారు."

మన్మథరావు ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "మీరైనా సెప్పండే!"

ఇరవైమందీ నోళ్ళలో నిప్పు పెట్టుకుని ఉన్నారు.

ఆ సాయంత్రం పంతులు మొత్తం కూడితే ఆడకూలి ఐదణాలు దాటింది. మర్నాడు తొట్టి మళ్ళీ స్టేషనుకి బయల్దేరింది. దొర వెళ్తూ పంతులుతో కరచాలనం చేశాడు. మన్మథరావు చాచిన చేయి చూడనే లేదు.

ఆ వారం సంతలో లోవలక్ష్మి కావాలని మన్మథరావు ఎదురుగా వెళ్ళి నిలబడింది. మూడేళ్ళుగా అట్టేపెట్టుకున్న మాటని నలుగురూ వినేలా అంది.

"ఏటి మేస్త్రీ బాబూ, అలగున్నారు? మిల్లొక్కటే గదా పోనాది? కోటుకింకా ఆరు గుండీలున్నాయి గదా. ఆరు మిల్లులకి సరిపోతారు!"

సంతంతా నవ్వింది. ఎంతగా నవ్విందంటే చింతపండు అమ్మేవాడి తక్కెడ దానంతటదే ఊగింది. మన్మథరావు ముఖం నల్లబడింది. ఆమెని గుర్తుపట్టాడు, జోగులు చెల్లెలుగా, మొదటిసారి. లోవలక్ష్మి రెండు రోజులు అన్నం బదులు ఆ ముఖాన్నే నెమరేసుకుని బతికింది.

మూడో రోజు ఊళ్ళో డప్పు మోగింది. మన్మథరావు కోటు విప్పేసి, పాత కండువా వేసుకుని, కాగితాల కట్ట పట్టుకుని కూలిపేటలోకి వచ్చాడు. మిల్లు రాకపోతే అతనికేం? రంగూన్ ఎక్కడికీ పోలేదు. స్టీమరు వచ్చే వారం విశాఖపట్నంలో ఆగుతుంది. తలకింత అని అతని దస్తూరీ అతనికి ఉండనే ఉంది. మిల్లు మీద ఆశపెట్టుకుని ఆగినవాళ్ళందరూ ఒక్కసారి ముందుకొచ్చారు. ఎన్నడూ లేనిది ఆ రోజు నలభైమంది వేలిముద్రలేశారు. అందులో ఏడో పేరు మత్స్యలింగం.

లోవలక్ష్మి ఆ మాట విని, గోగుపుల్లల మోపు ఎక్కడో దించేసి ఇంటికొచ్చింది. పెరట్లో జోగులు తాళ్ళు పేనడం లేదు. ఎదురుగా మత్స్యలింగాన్ని కూర్చోబెట్టుకుని, ఒక తాడుని రెండు గుంజలకి చుట్టి పట్టాలాగా లాగి చూపిస్తున్నాడు.

"ఇదిలా తిరుగుతుంటాది. ధాన్యం ఇరుక్కుంటే సేత్తో తీయమంటారు. తీయకు. కర్రతో తియ్యి. కొడితే కొట్టనీ. పొడుగు సేతుల సొక్కా ఏసుకోకు. నిద్దరొస్తే దీని పక్కన నిలబడకు. సూడు, నాదిక్కడే పట్టీసింది." మిగిలిన బొటనవేలితో తాడు మీద ఆ చోటు చూపించాడు. మూడేళ్ళలో జోగులు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే. మత్స్యలింగం ఆ బొటనవేలి వంకే చూస్తూ తల ఊపుతున్నాడు. వాడి పది వేళ్ళూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

అప్పుడే తడిక తోసుకుని సింహాద్రమ్మ వచ్చింది. ఆమె చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది, కొడుకు వేలిముద్ర వేసిన ఒప్పందం.

"ఒలే లోవలక్ష్మీ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఈ కాయితంలో ఏటి రాసినారో సదివించుకుందామని పంతులుగారింటికి ఎల్లినాను. ఆ బాబు సదివి కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు. 'మూడణాలకి మీరొప్పుకుని ఉంటే నీ కొడుకు ఊళ్ళోనే ఉండేవాడు గదా, ఎందుకొప్పుకోనేదు' అనడిగినాడు. మూడణాలేటి బాబూ అన్నాను. 'నాలుగో రోజు పొద్దున్నే లోవలక్ష్మితో సెప్పి పంపినాను గదా' అన్నాడు. ఏటే అది?"

జోగులు చేతిలో తాడు ఆగిపోయింది.

లోవలక్ష్మి ముఖంలో గీత కదలలేదు. అబద్ధం దానంతటదే నోటికొచ్చేసింది. "పంతులుకి మతి నేదత్తా. అంబలెండకి కూకోని కూకోని..."

"సూపుకూలి నవ్వులాటకని నాకూ తెలుసు," అంది సింహాద్రమ్మ. "నలభై ఏళ్ళుగా నార తీస్తన్నాను, పాటకూలి నానెక్కడిన్నాను? కూలి పెంచుతావనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను. నాను నిన్నడిగేది అది కాదు. పంతులు మూడణాలని సెప్పినాడా నేదా?"

లోవలక్ష్మి ఇంకో అబద్ధం కోసం చూసింది. కావలసినన్ని ఉన్నాయి. ఆమెకి ఎప్పుడూ కొదవ లేదు. కానీ అన్న ఆమె వంక చూస్తున్నాడు. అతని ఎదురుగా ఉన్న మత్స్యలింగం కూడా చూస్తున్నాడు, ఆమె ఏదో వేళాకోళం ఆడబోతోందనీ, నవ్వాల్సి ఉంటుందనీ నమ్ముతూ, నోరు కాస్త తెరుచుకుని.

"సెప్పినాడత్తా," అంది.

"మరి మాకు సెప్పనేదేం?"

"మిల్లొస్తే ఆడు సర్దారవుతాడు. మావోడిని సంతలో నవ్వులపాలు సేసినోడు. ఆడి ముందు మనందరం సేతులు కట్టుకోని నిలబడతామని... ఆడికి రాకుండా పోతే సాలనుకున్నాను. ఊరి కోసం అడిగినానని మీరందరూ అనుకున్నారు. ఊరి కోసం కాదు. ఒక్క అణా కూడా ఊరి కోసం అడగనేదు."

సింహాద్రమ్మ కొడుకు వంక చూసింది, మళ్ళీ ఈమె వంక. "ఈ గుంటడు గురుతు రానేదేటే నీకు? ఆ నీళ్ళలో నా పక్కనే గదే నిలబడ్డావు."

గుర్తు రాలేదని చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాట నమ్మడానికి సింహాద్రమ్మ సిద్ధంగా ఉందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"గురుతొచ్చినాడత్తా," అంది లోవలక్ష్మి. "నువ్వు 'నిజవేనేటే' అనడిగినప్పుడే గురుతొచ్చినాడు. అయినా సెప్పనేదు."